సర్పగంధి: ఒక వేరు చెప్పిన రసాయన చరిత్ర

మన దేవాలయాల పూలతోటలలో నందివర్ధనం ఉంటుంది, గన్నేరు ఉంటుంది, ప్రహరీ పక్కన ఎవరూ నాటకుండానే మొలిచిన బిళ్ళగన్నేరు ఉంటుంది. ఈ మూడూ ఒకే కుటుంబానికి చెందినవి. ఆ కుటుంబంలోనే మరొక చిన్న మొక్క ఉంది. పూజకు దాని పువ్వులను ఎవరూ కోయరు, వంటింట్లో దానికి చోటు లేదు. అయినా ఇరవయ్యవ శతాబ్దపు వైద్యాన్ని మలుపు తిప్పిన మొక్కలలో దానికి ముందువరుసలో స్థానం ఉంది. అదే సర్పగంధి. తెలుగునాట దీనిని పాతాళగంధి అనీ, పాతాళగరుడి అనీ కూడా పిలుస్తారు. పాతాళగరుడి అన్న పేరు దూసరితీగకు కూడా ఉన్నందున, పేరు ఒక్కటే విని మొక్కను గుర్తించరాదని పెద్దలు హెచ్చరిస్తారు.

ఈ మొక్క రెండు మూడు అడుగుల ఎత్తుకు మించి పెరగదు. ఆకులు కణుపుకు మూడేసి చొప్పున గుంపుగా ఉంటాయి. తెల్లని సన్నని పూలు ఎర్రని కాడలపై గుత్తిగా పూస్తాయి, కాయలు పండి నల్లబడతాయి. హిమాలయ పాదాల అడవుల నుండి మన తూర్పు కనుమల దాకా, తేమగల నీడ నేలలలో ఇది కనిపిస్తుంది. అయితే దీని విలువంతా భూమిలోపలి వేరులోనే ఉంది. ఆ వేరు మిక్కిలి చేదు. ఆ చేదులో ఏమున్నదో తెలుసుకొనడానికి మూడు ఖండాల శాస్త్రజ్ఞులు ఎన్నో ఏళ్ళు శ్రమించారు. ఆ శ్రమ కథనే ఈ వ్యాసంలో మనం చెప్పుకుందాం.

పేరులోని పాము

సర్పగంధి అన్న పేరు ప్రాచీన సంహితలలో ఉన్నది. అక్కడ చెప్పినది సరిగ్గా ఈ మొక్కనేనా అన్న విషయంలో పండితులలో భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. వనమూలికల వాడుకలో మాత్రం దీని ఉనికి స్పష్టం. పాముకాటుకు, జ్వరానికి, నిద్రలేమికి దీనిని వాడేవారు. పాముతో పోరాడే ముంగిస ఈ మొక్కను నమిలి వెళుతుందని జానపదులు చెప్పుకునేవారు. బీహారు ప్రాంతంలో ఈ వేరును సంతలలో పిచ్చికి మందు అన్న పేరుతోనే అమ్మేవారు.

పాశ్చాత్యులు దీనికి పెట్టిన శాస్త్రీయ నామం రావుల్ఫియా సర్పెంటినా. ఇందులో మొదటి సగం లియొన్‌హార్ట్ రావుల్ఫ్ అనే జర్మను వైద్యుని పేరు. ఆయన పదహారవ శతాబ్దంలో మూలికలను వెదకుతూ బాగ్దాదు వరకు ప్రయాణించాడు గాని భారతదేశానికి రాలేదు, ఈ మొక్కను చూడనూ లేదు. ఆయన గౌరవార్థం ఫ్రెంచి వృక్షశాస్త్రజ్ఞుడు ప్లూమియే 1703లో ఈ జాతికి ఆ పేరు ఉంచాడు. రెండవ సగమైన సర్పెంటినా పాముకు సంబంధించిన లాటిను మాట. లాటిను సర్పెన్స్, సంస్కృత సర్పం ఒకే మూలం నుండి వచ్చిన అక్కాచెల్లెళ్ళ వంటి పదాలు. కనుక పిల్లలు బడిలో సర్పెంట్ అన్న ఇంగ్లీషు మాట పలికినప్పుడల్లా, తెలియకుండానే మన సర్పానికి చుట్టాన్ని పలుకుతున్నట్లే.

కలకత్తా సాక్ష్యం, ఢిల్లీ స్ఫటికాలు

1931వ సంవత్సరం ఈ కథలో ముఖ్యమైనది. ఆ ఏడాది భారతదేశంలోని రెండు నగరాలలో రెండు వేర్వేరు పనులు జరిగాయి.

కలకత్తాలో కవిరాజు గణనాథ సేన్, డాక్టర్ కార్తీక్ చంద్ర బోస్ ఒక వైద్య పత్రికలో వ్యాసం ప్రకటించారు. గణనాథ సేన్ ఆయుర్వేద పండితుడు, పాశ్చాత్య వైద్యంలోనూ పట్టా పొందినవాడు. ఈ వేరు పొడిని రోజుకు రెండుసార్లు ఇస్తే ఉన్మాద రోగులు శాంతించి నిద్రపోతున్నారనీ, వారి రక్తపోటు కూడా తగ్గుతున్నదనీ వారు వ్రాశారు. ఇక్కడ మనం ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి. నిద్ర, ఉన్మాదం అనేవి పూర్వులకు తెలిసిన విషయాలు. రక్తపోటును అంకెలలో కొలిచే పరికరం మాత్రం అప్పటికి కొత్తది. పాత మూలికను కొత్త కొలబద్దతో కొలవడం వలననే, పూర్వులు చూడని గుణం ఒకటి బయటపడింది.

ఢిల్లీలో జరిగినది రసాయన శోధన. యునానీ వైద్యంలో ప్రసిద్ధుడు, స్వాతంత్ర్యోద్యమ నాయకుడు అయిన హకీం అజ్మల్ ఖాన్ అక్కడ ఆయుర్వేద, యునానీ తిబ్బియా కళాశాలను నెలకొల్పారు. 1921లో గాంధీజీ దానిని ప్రారంభించారు. దేశీయ మూలికలను ఆధునిక పద్ధతిలో పరిశోధించాలన్నది అజ్మల్ ఖాన్ సంకల్పం. ఆ పనికి ఆయన జర్మనీలో రసాయనశాస్త్రం చదివిన సలీముజ్జమాన్ సిద్దీఖీని ఎన్నుకున్నారు. 1927 చివరలో అజ్మల్ ఖాన్ మరణించారు. సంకల్పం మాత్రం ఆగలేదు.

సిద్దీఖీ తన సోదరునితో కలసి సర్పగంధి వేరు నుండి ఐదు పదార్థాలను శుద్ధమైన స్ఫటికాలుగా వేరుచేశారు. అజ్మలిన్, అజ్మలినిన్, అజ్మలిసిన్ అన్న మూడు తెల్లని గుంపుకు చెందినవి. సర్పెంటిన్, సర్పెంటినిన్ అన్న రెండు పసుపుపచ్చని గుంపుకు చెందినవి. మొదటి మూడింటికి తన మార్గదర్శి పేరు పెట్టడం ఆయన చెల్లించుకున్న గురుదక్షిణ. దేశ విభజన తరువాత 1951లో సిద్దీఖీ పాకిస్తానుకు వెళ్ళి అక్కడ విజ్ఞానసంస్థలను నిర్మించారు. వేప నుండి నింబిన్ అనే పదార్థాన్ని వేరుచేసినదీ ఆయనే. సరిహద్దులు తరువాత గీసినవి. ఆ స్ఫటికాలు అంతకుముందే ఉమ్మడి భారతదేశపు ప్రయోగశాలలో మెరిశాయి.

ఈ పదార్థాలన్నింటినీ ఆల్కలాయిడ్లు అంటారు. నత్రజని కలిగి, క్షార స్వభావంతో, సాధారణంగా చేదుగా ఉండే మొక్కల పదార్థాలకు ఇది సామాన్య నామం. కాఫీలోని కెఫీన్, నల్లమందులోని మార్ఫిన్ కూడా ఈ తరగతివే. సర్పగంధి వేరులో ఇటువంటివి యాభైకి పైగా ఉన్నట్లు ఈనాడు మనకు తెలుసు. ఇన్ని ఎలా పుడతాయన్నది మరొక వింత. మన ఆహారంలోని పప్పుధాన్యాలలో, పాలలో ఉండే ట్రిప్టోఫాన్ అన్న పదార్థం నుండి మొక్క ట్రిప్టమిన్‌ను తయారుచేస్తుంది. దానికి సెకోలోగనిన్ అన్న మరొక పదార్థాన్ని జతచేసి స్ట్రిక్టోసిడిన్ అన్న అణువును కడుతుంది. ఆ ఒక్క అణువు నుండే మర్రికొమ్మలవలె అజ్మలిన్, సర్పెంటిన్ వంటివన్నీ శాఖలుగా చీలుతాయి. బిళ్ళగన్నేరు కూడా ఈ మార్గాన్నే అనుసరిస్తుంది. అందుకే దాని వేరులోనూ అజ్మలిసిన్ లభిస్తుంది. పూలతోటలో మనం చెప్పుకున్న చుట్టరికం అణువులలోనూ ఉన్నదన్నమాట.

పక్కన పెట్టిన జిగురు

ఐదు స్ఫటికాలు దొరికినా చిక్కుముడి విడిపోలేదు. రోగులను శాంతపరచి నిద్రపుచ్చే గుణాన్ని ఆ ఐదింటిలో ఏదీ సరిగా వివరించలేకపోయింది. వేరు పొడి పనిచేస్తున్నది, వేరులోని శుద్ధ పదార్థాలు ఆ పని చేయడంలేదు. మరి మందు ఎక్కడున్నది?

దీనిని అర్థం చేసుకొనడానికి ఆల్కలాయిడ్లను వేరుచేసే పద్ధతిని తెలుసుకోవాలి. వేరు పొడిని మద్యసారంలో నానబెట్టి, ఆ సారాన్ని ఆమ్లం కలిపిన నీటితో కలుపుతారు. క్షార స్వభావం గల ఆల్కలాయిడ్లు ఆమ్లంతో లవణాలుగా మారి నీటిలోకి దిగుతాయి. నీటిలోకి దిగనిది జిడ్డుగా, జిగురుగా అడుగున మిగులుతుంది. శాస్త్రజ్ఞుల దృష్టి సహజంగానే నీటి భాగంపై ఉంటుంది. అయితే ఆ జిగురు భాగానికే నిద్రపుచ్చే గుణం ఉన్నదని భారతీయ పరిశోధకులు జంతువులపై పరీక్షించి గమనించారు.

ఆ జాడను పట్టుకుని స్విట్జర్లాండులోని బాసెల్ నగరంలో సీబా అనే ఔషధ సంస్థ పరిశోధకులు ముందుకు సాగారు. 1952లో మ్యూలర్, ష్లిట్లర్, బైన్ అనే ముగ్గురు ఆ జిగురు నుండి ఒక కొత్త ఆల్కలాయిడ్‌ను స్ఫటికంగా వేరుచేసి ప్రకటించారు. దానికి రిసర్పిన్ అని పేరు పెట్టారు. అది మిక్కిలి బలహీనమైన క్షారం. కనుకనే ఆమ్లపు నీటిలోకి దిగకుండా జిగురులో దాగి ఉండిపోయింది. పరిమాణంలో చూస్తే అది వేరులో సుమారు వెయ్యింట ఒక వంతు మాత్రమే. వేరు శాంతపరచే శక్తిలో పెద్దభాగం ఆ వెయ్యోవంతులోనే ఉన్నది.

రిసర్పిన్ నిర్మాణం అతి క్లిష్టమైనది. ఒక అణువులో 33 కార్బన్, 40 హైడ్రోజన్, 2 నైట్రోజన్, 9 ఆక్సిజన్ పరమాణువులు ఉంటాయి. ఎడమ చేతికీ కుడి చేతికీ ఉన్నట్టి తేడాను నిర్ణయించే బిందువులు అందులో ఆరు ఉన్నాయి. ఒక్కటి తారుమారైనా అది వేరే పదార్థం అవుతుంది. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ వుడ్‌వర్డ్ బృందం 1956లో దీనిని ప్రయోగశాలలో మొదటినుండి కట్టి చూపింది. కర్బన రసాయనశాస్త్ర విద్యార్థులు ఈనాటికీ ఆ నిర్మాణాన్ని పాఠంగా చదువుకుంటారు.

సముద్రం దాటిన వేరు

1945లో అమెరికా అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ తీవ్రమైన రక్తపోటు వలన మెదడులో రక్తస్రావమై మరణించారు. దేశాధినేతకు కూడా ఆనాడు నమ్మదగిన మాత్ర లేదు. ఆ కాలంలోనే బొంబాయిలో హృద్రోగ వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ సర్పగంధిని రక్తపోటు రోగులకు ఇచ్చి, ఫలితాలను జాగ్రత్తగా నమోదు చేస్తున్నారు. 50 మంది రోగులపై చేసిన పరిశీలనను 1949లో ఆయన బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో ప్రకటించారు. భారతీయ భాషలలోనో, భారతీయ పత్రికలలోనో ఎన్నో ఏళ్ళుగా ఉన్న సంగతి అప్పుడు గాని ప్రపంచం చెవిని పడలేదు. ఆ వ్యాసం చదివి బోస్టన్ నగరంలో రాబర్ట్ విల్కిన్స్ బృందం ఈ వేరు మందును అమెరికా రోగులపై పరీక్షించింది. న్యూయార్కు రాష్ట్రంలోని రాక్‌లాండ్ మానసిక చికిత్సాలయంలో నేథన్ క్లైన్ దీనిని ఉన్మాద రోగులకు వాడి 1954లో ఫలితాలు వెల్లడించారు. 1957లో అమెరికాలోని ప్రసిద్ధమైన లాస్కర్ పురస్కారం అందుకున్నవారిలో వకీల్, క్లైన్ ఇద్దరూ ఉన్నారు.

అమెరికా గడ్డపై మన తెలుగు కుటుంబాలు స్థిరపడక పూర్వమే, మన అడవుల వేరు ఇక్కడి ఆసుపత్రులలో అడుగుపెట్టిందని మన పిల్లలకు చెప్పవచ్చు. అయితే ఆ మాట చెప్పినంతనే కథ ముగియదు.

వాషింగ్టన్‌లో ఎడ్వర్డ్ ఫ్రైస్ నాయకత్వాన మాజీ సైనికుల ఆసుపత్రులలో జరిగిన పరీక్ష ఇంకా గొప్పది. తీవ్రమైన రక్తపోటు గల 143 మంది పురుషులను రెండు వర్గాలుగా విభజించి, ఒక వర్గానికి రిసర్పిన్‌తో పాటు మరి రెండు మందులను, రెండవ వర్గానికి మందు లేని ఉత్తి మాత్రలను ఇచ్చారు. ఎవరికి ఏది అందుతున్నదో రోగులకు తెలియదు. 1967లో ఫలితాలు వెలువడ్డాయి. ఉత్తి మాత్రల వర్గంలో 27 మందికి ప్రాణాపాయకరమైన ఉపద్రవాలు కలిగితే, మందుల వర్గంలో ఇద్దరికే కలిగాయి. రక్తపోటును తగ్గిస్తే ప్రాణాలు నిలుస్తాయన్న సత్యాన్ని స్థాపించిన తొలి గొప్ప పరీక్షలలో ఇది ఒకటి. ఈనాడు మన ఇళ్ళలో తాతయ్యలు, అమ్మమ్మలు ప్రతి ఉదయం వేసుకునే రక్తపోటు మాత్ర వెనుక ఆ పరీక్ష ఇచ్చిన ధైర్యం ఉన్నది. ఆ పరీక్షలో మన వేరు పాలు కూడా ఉన్నది.

కుందేళ్ళు నేర్పిన పాఠం

మందు పనిచేస్తున్నదని తెలిసిన తరువాత, ఎలా పనిచేస్తున్నది అన్న ప్రశ్న మిగిలింది. మన నాడీకణాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకొనడానికి సెరొటోనిన్, నారడ్రినలిన్, డోపమిన్ వంటి రసాయన దూతలను వాడుకుంటాయి. ఆ దూతలను చిన్న చిన్న సంచులలో దాచి ఉంచుకుంటాయి. రిసర్పిన్ ఆ సంచులలోకి దూతలు చేరకుండా ద్వారం మూసివేస్తుంది. బయట మిగిలిన దూతలు నశిస్తాయి. నాడుల కేకలు తగ్గుతాయి, రక్తనాళాలు సడలుతాయి, మనసు నెమ్మదిస్తుంది.

స్వీడన్ దేశపు శాస్త్రజ్ఞుడు ఆర్విడ్ కార్ల్‌సన్ 1957లో కుందేళ్ళకు రిసర్పిన్ ఇచ్చి చూశాడు. అవి కదలిక లేక చెవులు వాల్చి పడి ఉన్నాయి. అప్పుడు వాటికి ఎల్-డోపా అన్న పదార్థాన్ని ఇవ్వగా కొద్దిసేపటిలోనే లేచి తిరిగాయి. మెదడులో డోపమిన్‌కు సొంతమైన పాత్ర ఉన్నదని దీనివలన తేలింది. వణుకుడు రోగమైన పార్కిన్‌సన్ వ్యాధికి ఈనాటికీ ఇచ్చే ముఖ్యమైన మందు ఆ దారిలోనే లభించింది. ఈ కృషికి కార్ల్‌సన్ 2000లో నోబెల్ బహుమతి పొందారు. మెదడు రహస్యాల తలుపు తెరచిన తాళంచెవులలో మన సర్పగంధి ఒకటి.

సిద్దీఖీ వేరుచేసిన అజ్మలిన్ కథ కూడా వృథా కాలేదు. అది గుండె లయను ప్రభావితం చేస్తుందని తెలిసింది. బ్రుగాడా అనే వంశపారంపర్య హృద్రోగం దాగి ఉన్నదా అని తెలుసుకొనడానికి యూరపు దేశాల వైద్యులు ఆసుపత్రిలో దానిని సూదిమందుగా ఇచ్చి గుండె రేఖాచిత్రాన్ని పరిశీలిస్తారు. నిద్రపుచ్చలేదని ఒకనాడు నిరాశపరచిన స్ఫటికం, మరొక పనిలో అక్కరకు వచ్చింది.

పొగడ్తకూ పరీక్షకూ నడుమ

ఇంతవరకు చెప్పినది విని, అంతా మన పూర్వులకు ముందే తెలుసునని అనిపించవచ్చు. అలా అనడం పూర్వులకూ గౌరవం కాదు, తరువాత శ్రమించినవారికీ గౌరవం కాదు. లోకవాడుక ఈ వేరు గురించి మూడు మాటలు చెప్పింది. నిద్రపుచ్చుతుందన్నది నిలిచింది. ఉన్మాదాన్ని శాంతపరుస్తుందన్నది నిలిచింది. పాముకాటుకు విరుగుడన్నది నిలువలేదు. పాము కరిస్తే ఆసుపత్రిలో ఇచ్చే ప్రతివిషమే శరణ్యం. ఇక రక్తపోటు గుణాన్ని కొత్త పరికరం చూపించింది. మన వారసత్వం ఒక సాక్ష్యం వంటిది. సాక్షి మాటను విచారించి, నిజమైనదాన్ని స్వీకరించడమే సాక్షికి చేసే మర్యాద.

నిలిచిన మాటకు కూడా మరొక ముఖం ఉన్నది. రిసర్పిన్‌ను పెద్ద మోతాదులలో వాడిన కాలంలో కొందరు రోగులు తీవ్రమైన దిగులులో పడ్డారని వైద్యులు వ్రాశారు. ముక్కుదిబ్బడ, మగత, కడుపులో పుండ్ల బాధ కూడా కనిపించాయి. క్రమంగా మోతాదును తగ్గించారు. అంతకంటె మేలైన మందులు వచ్చిన కొద్దీ దీని వాడుక సన్నగిల్లింది. రక్తపోటుకు సాధారణంగా వాడిన మోతాదు రోజుకు పావు మిల్లీగ్రాము లేదా అంతకంటె తక్కువ. వేరులో వెయ్యోవంతు రిసర్పిన్ అనుకుంటే, ఒక్క గ్రాము వేరు పొడిలో ఒక మిల్లీగ్రాము ఉంటుంది. అనగా నాలుగు రెట్లు. చెంచాతో కొలిచి వేసుకునే పొడిలో ఇంతటి శక్తి ఉన్నదని ఈ చిన్న లెక్క మనకు చెబుతుంది. పైగా ఒక వేరుకూ మరొక వేరుకూ ఈ పాళ్ళు మారుతుంటాయి. అమెరికా ఖండం నుండి వచ్చి దక్షిణ భారతంలో విరివిగా పెరుగుతున్న దీని చుట్టం రావుల్ఫియా టెట్రాఫిల్లా వేరును దీనిలో కలిపి అమ్మడమూ ఉన్నది.

కనుక స్వదేశం నుండి ఎవరైనా ప్రేమతో ఈ పొడి పొట్లం పంపినా, అంగడిలో సీసా కనిపించినా, వైద్యునికి చెప్పకుండా వాడరాదు. ఇప్పటికే రక్తపోటు మాత్రలు గాని, దిగులుకు మందులు గాని వాడుతున్నవారు, గర్భవతులు మరింత జాగ్రత్తగా ఉండాలి. మూలిక కదా, హాని ఏముంటుంది అన్న మాటకు ఈ వేరు చరిత్రే సమాధానం. మేలు చేయగల శక్తి ఉన్నది గనుకనే కీడు చేయగల శక్తీ ఉన్నది.

మందు వేరులో ఉండడం మొక్కకు శాపమైంది. ఆకు కోస్తే మళ్ళీ చిగురిస్తుంది, వేరు తవ్వితే మొక్కే పోతుంది. విత్తనాలు సరిగా మొలకెత్తవు, వేరు పక్వానికి రావడానికి రెండు మూడేళ్ళు పడుతుంది. ప్రపంచమంతా ఈ వేరును కోరిన దశాబ్దాలలో అడవులలో దీని సంఖ్య క్షీణించింది. నేడు అంతర్జాతీయ వ్యాపారంపై నియంత్రణ గల మొక్కల జాబితాలో ఇది ఉన్నది. ఎందరి ప్రాణాలనో నిలిపిన మొక్కను నిలుపుకొనడం ఇప్పుడు మన వంతు.

మన పిల్లలకు

ఈ కథలో కవిరాజు ఉన్నాడు, హకీం ఉన్నాడు, పార్సీ వైద్యుడు ఉన్నాడు, స్విస్ రసాయనజ్ఞులు, అమెరికా వైద్యులు, స్వీడన్ శాస్త్రజ్ఞుడు ఉన్నారు. పేరు తెలియని అడవి మనుషులు అందరికంటె ముందున్నారు. ఏ చెట్టు వేరు తవ్వాలో చూపినది వారే. ఒకరు పక్కన పెట్టిన జిగురును మరొకరు చేతికి తీసుకున్నారు గనుకనే మందు దొరికింది. విదేశంలో పెరుగుతున్న మన పిల్లలు అమ్మమ్మ మాటనూ, బడిలోని ప్రయోగశాలనూ ఒకదానికొకటి శత్రువులుగా చూడనవసరం లేదు. అమ్మమ్మ మాటను ప్రశ్నగా తీసుకుని ప్రయోగశాలకు వెళ్ళవచ్చు. అక్కడ దొరికిన సమాధానాన్ని, అది అవునైనా కాదైనా, తెలుగులో మళ్ళీ అమ్మమ్మకు చెప్పవచ్చు. ఆ మాట చెప్పడానికి కావలసిన భాషను వారికి అందించడమే మన కర్తవ్యం.